కోమో సరస్సు: నీటి దారి చెప్పే చరిత్ర

ఇటలీ అనగానే మీకు రోమ్ నగరం, వెనిస్ కాలువలు, పీసాలోని ఒరిగిన గోపురం గుర్తుకు వస్తాయి. ఈ ప్రసంగంలో మనం ఆ దేశపు ఉత్తర భాగానికి వెళదాం. లొంబార్డీ ప్రాంతంలో, మిలాన్ నగరానికి ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల ఒడిలో కోమో సరస్సు ఉంది. దీనికి లారియో అనే పాత పేరు కూడా ఉంది. పర్యాటకుల కోసం అచ్చువేసే పుస్తకాల్లో ఇక్కడి పూలతోటలు, ధనికుల భవనాలు, మంచు శిఖరాలు కనిపిస్తాయి. అవన్నీ చూడదగినవే. అయితే చరిత్ర విద్యార్థి ఒక ప్రశ్నతో అక్కడికి వెళ్లాలి. రోమన్ల పట్టణం, మధ్యయుగపు చర్చిలు, పట్టు పరిశ్రమ, విజ్ఞానశాస్త్ర స్మారకం, ఒక నియంత అంతమైన స్థలం, ఇవన్నీ ఈ ఒక్క సరస్సు చుట్టూ ఎందుకు చేరాయి?

దీనికి సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఈ సరస్సు ఒక దారి. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే ఇక్కడి ప్రతి కట్టడం మీకు తేలికగా అర్థమవుతుంది.

సరస్సు స్వరూపం

ముందుగా భౌగోళిక విషయాలు చూద్దాం. ఇంగ్లీషు వై అక్షరాన్ని తలకిందులుగా రాస్తే ఎలా ఉంటుందో కోమో సరస్సు అలా ఉంటుంది. పై కొస ఉత్తరాన పర్వతాల్లోకి చొచ్చుకుపోతుంది. కింది రెండు పాయల్లో పడమటి దాని చివర కోమో పట్టణం, తూర్పు దాని చివర లెక్కో పట్టణం ఉన్నాయి. రెండు పాయలూ విడిపోయే ముక్కు మీద బెల్లాజియో ఉంది. సరస్సు వైశాల్యం సుమారు 146 చదరపు కిలోమీటర్లు. లోతు 400 మీటర్లకు పైగా ఉంటుంది. నీటి ఉపరితలం సముద్రమట్టానికి 198 మీటర్ల ఎత్తున ఉంది. అంటే సరస్సు అడుగుభాగం సముద్రమట్టం కంటే సుమారు 200 మీటర్లు కిందికి ఉన్నదన్నమాట! మంచుయుగాల్లో కదిలిన హిమానీనదాలు ఈ లోయను ఇంత లోతుగా తొలిచాయి.

అద్దా నది ఉత్తరాన సరస్సులో కలిసి, లెక్కో వద్ద బయటికి వెళుతుంది. దక్షిణాన పో నది మైదానం, ఉత్తరాన ఆల్ప్స్ కనుమలు ఉన్నాయి. కొండల మధ్య బండి నడవడం కష్టం. నీటి మీద సరుకు తరలించడం సులువు. పడమటి ఒడ్డు వెంట రెజీనా అనే ప్రాచీన రహదారి కూడా ఉండేది. ఇటలీ నుంచి ఉత్తర యూరప్‌కు పోయే వర్తకులు, సైనికులు, యాత్రికులు ఈ దారి పట్టేవారు.

కోమో పట్టణం: రోమన్ల గళ్లు, రాతి చారలు

ఆ దారికి దక్షిణ ద్వారం కోమో. క్రీ.పూ. 59లో జూలియస్ సీజర్ ఇక్కడ కొత్త వలసవాసులను స్థిరపరచి, నోవుమ్ కోముమ్ అనే పట్టణాన్ని ఏర్పరిచాడు. పాత పట్టణంలో వీధులు నేటికీ చదరంగం గళ్లలా ఒకదానినొకటి నిటారుగా ఖండించుకుంటాయి. అది రోమన్లు గీసిన పట్టణ పటం. పటం ఒకటి చేతిలో పట్టుకుని నడిస్తే రెండువేల ఏళ్ల నాటి ఆ గీతలను మీరే గుర్తించగలరు.

ఈ పట్టణం ఇద్దరు ప్రసిద్ధ రచయితలను కన్నది. ప్రకృతి శాస్త్ర విజ్ఞాన సర్వస్వం రాసిన పెద్ద ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించాడు. ఆ సంఘటనను లేఖల్లో వర్ణించి మనకు అందించినవాడు ఆయన మేనల్లుడు చిన్న ప్లినీ. ఈ సరస్సు ఒడ్డున తనకున్న రెండు ఇళ్లకు చిన్న ప్లినీ సరదాగా 'విషాద నాటకం', 'హాస్య నాటకం' అని పేర్లు పెట్టుకున్నాడు. ఎత్తయిన రాళ్ల మీది ఇల్లు విషాద నాటక నటుల ఎత్తు మడమల పాదరక్షలను, నీటి అంచున ఉన్నది హాస్య నటుల చదును చెప్పులను తలపించాయట.

కోమో కేథడ్రల్ ముందు నిలబడి ప్రధాన ద్వారానికి ఇరువైపులా చూడండి. అక్కడ కూర్చున్న విగ్రహాలు ఈ ఇద్దరు ప్లినీలవే. వారు క్రైస్తవులు కారు. అయినా 15వ శతాబ్దం చివరలో పట్టణ ప్రజలు తమ చర్చి ముఖద్వారం మీద వారికి స్థానం ఇచ్చారు. ప్రాచీన విద్య పట్ల పునర్వికాస యుగానికి ఉన్న గౌరవాన్ని పాఠ్యపుస్తకంలో చదివి ఉంటారు. ఇక్కడ దాన్ని కళ్లారా చూడవచ్చు. 1396లో మొదలైన ఈ చర్చి నిర్మాణం గుమ్మటంతో ముగిసేసరికి 18వ శతాబ్దం వచ్చింది. దాని పక్కనే చారల రాళ్లతో కట్టిన బ్రొలెట్టో ఉంది. 1215 నాటి ఈ భవనం పట్టణ పాలక సభ సమావేశమైన చోటు. మత కేంద్రం, పాలనా కేంద్రం గోడకు గోడ ఆనుకుని నిలిచాయి.

పట్టణం అంచున ఉన్న సంత్ అబ్బోందియో బసిలికాను వదలకండి. 1095లో పోప్ రెండవ అర్బన్ దీన్ని ప్రతిష్ఠించాడు. రెండు గంట గోపురాలతో నిరాడంబరంగా ఉండే ఈ చర్చి రోమనెస్క్ శైలికి మంచి ఉదాహరణ. లోపల 14వ శతాబ్దపు కుడ్యచిత్రాలున్నాయి. ఈ ప్రాంతపు తాపీ పనివారు, రాతి పనివారు యూరప్‌లో చాలా చోట్లకు వెళ్లి పనిచేశారు. 643 నాటి లొంబార్డు రాజు రోతారి శాసన సంహితలో 'కొమాచిని' మేస్త్రీల ప్రస్తావన ఉంది. ఆ పేరు కోమో నుంచే వచ్చిందా అన్నది పండితుల మధ్య నేటికీ చర్చనీయాంశమే.

పట్టు, విద్యుత్తు

దారి వెంట సరుకే కాక, పనితనం కూడా ప్రయాణిస్తుంది. కోమో పరిసరాల్లో రైతులు మల్బరీ చెట్లు పెంచి, ఇళ్లలో పట్టుపురుగులను సాకేవారు. 1868లో ఇక్కడ పట్టు నేత నేర్పే పాఠశాల ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత పట్టుపురుగుల పెంపకం అంతరించింది. ముడిపట్టు చైనా నుంచి రాసాగింది. కానీ అద్దకం, అచ్చు, డిజైన్ పనుల్లో కోమో తన పేరు నిలబెట్టుకుంది. 1990లో ప్రారంభమైన పట్టు మ్యూజియంలో గూళ్లు ఉడికించడం నుంచి బట్టకు రంగులు అద్దడం వరకు వాడిన యంత్రాలన్నీ వరుసగా కనిపిస్తాయి. ముడిసరుకు పోయినా నైపుణ్యం ఒక ఊరిని ఎలా నిలబెడుతుందో అర్థశాస్త్రం చదివేవారు ఇక్కడ గమనించాలి.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు కోమో మరో కారణంగా ముఖ్యం. మీరు ప్రయోగశాలలో రోజూ పలికే 'వోల్టు' అనే మాట ఈ ఊరివాడి పేరే. అలెస్సాండ్రో వోల్టా 1745లో ఇక్కడ పుట్టి, 1827లో ఇక్కడే మరణించాడు. రెండు వేర్వేరు లోహాల బిళ్లలను, ఉప్పునీటిలో తడిపిన గుడ్డ లేదా అట్టముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి ఆయన మొదటి బ్యాటరీని తయారుచేశాడు. ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి తెలియజేస్తూ 1800 మార్చిలో కోమో నుంచే ఉత్తరం రాశాడు. సరస్సు ఒడ్డున గుడి ఆకారంలో కట్టి 1928లో తెరిచిన వోల్టా స్మారక మ్యూజియంలో ఆయన పరికరాలు ఉన్నాయి. 1899లో జరిగిన అగ్నిప్రమాదంలో అసలు పరికరాలు చాలావరకు కాలిపోయాయి. అందుచేత వాటిలో అనేకం తిరిగి తయారుచేసిన నమూనాలే.

వోల్టా శతవర్ధంతి సందర్భంగా 1927 సెప్టెంబరులో కోమోలో అంతర్జాతీయ భౌతికశాస్త్ర సదస్సు జరిగింది. నీల్స్ బోర్ తన పరిపూరకత్వ భావనను మొదటిసారి అక్కడే వివరించాడు. మన దేశం నుంచి మేఘనాథ్ సాహా, దేబేంద్ర మోహన్ బోస్ ఆ సదస్సులో పాల్గొన్నారు. భారతీయ శాస్త్రజ్ఞులు ప్రపంచ వేదిక మీద సమాన హోదాతో కూర్చున్న తొలి సందర్భాలలో ఇదొకటి.

ఆ సదస్సు జరిగిన నాటికి ఇటలీని ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం పాలిస్తున్నది. ఆ పాలన గుర్తు కూడా ఈ ఊరిలోనే ఉంది. కేథడ్రల్ వెనుక జుసెప్పె తెర్రాఞి 1932-36 మధ్య కట్టిన 'కాసా దెల్ ఫాషో', అంటే ఫాసిస్టు పార్టీ భవనం, కనిపిస్తుంది. పునాది చదరంగా ఉండి, ఎత్తు సరిగ్గా అందులో సగం ఉండే ఈ తెల్లని కట్టడాన్ని ఆధునిక వాస్తుకళ చదివే విద్యార్థులంతా అధ్యయనం చేస్తారు. కట్టడం అందమైనది. దాన్ని కట్టించిన రాజకీయం క్రూరమైనది. ఈ రెండు నిజాలనూ ఒకేసారి మనసులో పెట్టుకుని చూడటం నేర్చుకోవాలి.

ద్వీపం, తోటలు

ఇప్పుడు కోమో రేవులో లాంచీ ఎక్కి ఉత్తరానికి సాగుదాం. సరస్సులో ఉన్న ఒకే ఒక ద్వీపం కొమాచినా ఎదురవుతుంది. దారిని అదుపు చేయాలనుకునేవారికి ఇంతకంటే మంచి కోట ఉండదు. 12వ శతాబ్దంలో కోమోకూ మిలాన్‌కూ మధ్య పదేళ్ల యుద్ధం జరిగినప్పుడు ద్వీపవాసులు మిలాన్ పక్షాన నిలిచారు. 1127లో కోమో ఓడి నేలమట్టమైంది. తర్వాత కోమో వారు జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా అండ సంపాదించి, 1169లో ద్వీపాన్ని ధ్వంసం చేశారు. బతికినవారు ఎదుటి ఒడ్డున ఉన్న వరెన్నాకు తరలిపోయారు. నేడు ద్వీపంలో చర్చిల పునాదులు, చెట్ల మధ్య శిథిలాలు మిగిలాయి. ప్రతి ఏటా జూన్ నెలలో సెయింట్ జాన్ పండుగకు నత్తగుల్లల్లో దీపాలు వెలిగించి నీటి మీద వదులుతారు.

ద్వీపానికి దగ్గరలోనే కొండకొమ్ము మీద బల్బియానెల్లో భవనం ఉంది. 1787లో కార్డినల్ దురీని దీన్ని విశ్రాంతి మందిరంగా తీర్చాడు. చివరి యజమాని గుయిదో మొన్జీనో 1973లో ఎవరెస్టు అధిరోహించిన మొదటి ఇటలీ బృందానికి నాయకుడు. ఆయన 1988లో మరణించినప్పుడు ఈ భవనాన్ని ఇటలీ వారసత్వ పరిరక్షణ సంస్థకు రాసి ఇచ్చాడు. హిమాలయ యాత్రలో వాడిన వస్తువులు లోపల ప్రదర్శనలో ఉన్నాయి.

మరికొంత దూరంలో త్రెమెజ్జో వద్ద విల్లా కార్లొత్తా, నీటికి ఆవలి వైపు బెల్లాజియోలో విల్లా మెల్జి ఉన్నాయి. నెపోలియన్ కాలంలో వీటి యజమానులైన సొమ్మరీవా, మెల్జి రాజకీయ ప్రత్యర్థులు. 1802లో ఇటాలియన్ రిపబ్లిక్ ఉపాధ్యక్ష పదవి మెల్జికి దక్కింది. సొమ్మరీవా కళాఖండాల సేకరణలో తన ఘనత చాటుకున్నాడు. హయేజ్ గీసిన రోమియో జూలియట్ చిత్రం, థొర్వాల్సెన్ చెక్కిన అలెగ్జాండర్ బాబిలోను ప్రవేశ శిల్పాల వరుస విల్లా కార్లొత్తాలో చూడవచ్చు. వసంతంలో వెళితే తోటంతా అజేలియా పూలతో నిండి ఉంటుంది.

దోంగో: దారి మూసుకున్న చోటు

పడమటి ఒడ్డు వెంటే ఇంకా ఉత్తరానికి వెళితే దోంగో అనే చిన్న ఊరు వస్తుంది. 1945 ఏప్రిల్ చివరలో ఓటమి ఖాయమయ్యాక ముస్సోలినీ మిలాన్ విడిచి, కోమో మీదుగా ఇదే పురాతన దారిలో పారిపోసాగాడు. జర్మన్ సైనికుడి కోటు తొడుక్కుని లారీలో దాక్కున్న ఆయనను ఏప్రిల్ 27న ప్రతిఘటన దళాల వారు దోంగోలో పట్టుకున్నారు. మరునాడు దక్షిణాన మెజ్జెగ్రా పరిధిలోని జులీనోలో ఒక ఇంటి గేటు ముందు ఆయననూ, క్లారెత్తా పెతాచ్చీనీ కాల్చి చంపారు. దోంగోలోని మాన్జి భవనంలో యుద్ధాంతాన్ని తెలిపే మ్యూజియం ఉంది. రోమన్లు, వర్తకులు, సైన్యాలు నడిచిన దారిలోనే ఇరవై ఏళ్లకు పైగా సాగిన నియంతృత్వం ముగిసింది.

తూర్పు ఒడ్డు: వరెన్నా, లెక్కో

వరెన్నాలోని విల్లా మొనస్తేరోలో 1953 నుంచి ఇటలీ భౌతికశాస్త్ర సంఘం వేసవి పాఠశాల నడుపుతున్నది. ఎన్రికో ఫెర్మి 1954లో ఇక్కడ పాఠాలు చెప్పాడు. అదే ఏడాది నవంబరులో ఆయన మరణించాడు. పాఠశాలకు ఆయన పేరే పెట్టారు. ఇక లెక్కో పట్టణం, ఇటాలియన్ సాహిత్యంలో గొప్ప నవలగా పేరొందిన మాన్జోనీ రచన 'ఇ ప్రొమెస్సీ స్పోజీ'కి ప్రారంభ స్థలం. ఆయన కుటుంబ గృహం నేడు మ్యూజియం.

ఎలా చూడాలి?

మిలాన్ నుంచి కోమోకు, వరెన్నాకు రెండింటికీ రైళ్లున్నాయి. ఒడ్డు వెంట రోడ్లు ఇరుకు కనుక లాంచీలే మేలు. బెల్లాజియో, వరెన్నా, మెనాజియో ఊళ్ల మధ్య కార్లను సైతం ఎక్కించుకునే పెద్ద పంటులు నడుస్తాయి. కోమో నుంచి 1894లో ప్రారంభమైన తీగల రైలులో బ్రునాతే కొండ ఎక్కితే సరస్సు పడమటి పాయ, పాత పట్టణపు గళ్లు ఒకేసారి కనిపిస్తాయి. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత కిందికి దిగి వీధులు తిరగండి. శీతాకాలంలో చాలా తోటలు మూసి ఉంటాయి. వేసవిలో రద్దీ ఎక్కువ. చిన్న ఊళ్లలో ప్రజలు నివసిస్తున్నారని, అవి కేవలం మన ఫొటోల కోసం లేవని మరిచిపోకూడదు.

విద్యార్థులారా! మీరు ఇటలీ వెళ్లినా వెళ్లకపోయినా ఈ పద్ధతి మీకు పనికివస్తుంది. ఏ ప్రాంతానికి వెళ్లినా ముందు నీరు ఎటు పారుతున్నదో, దారి ఎటు పోతున్నదో చూడండి. ఆ తర్వాత గుడిని, కోటను, భవనాన్ని చూడండి. అవి అక్కడే ఎందుకు వెలిశాయో అప్పుడు తెలుస్తుంది.

ఆలోచించండి

1. కోమో సరస్సు ఒక 'దారి' అనడానికి పై పాఠం నుంచి మూడు ఆధారాలు చూపండి.
2. నియంతృత్వ కాలంలో కట్టిన అందమైన భవనాలను కాపాడాలా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. మీ ఊరు లేదా పట్టణం ఏ నది, చెరువు, లేదా బాట వల్ల ఏర్పడిందో తెలుసుకుని ఒక పటం గీయండి.