నొప్పి లేనినాడే పరీక్ష

తెలుగు చలనచిత్రాలకు నిలయమైన జూబిలీహిల్సు, ఫిలింనగరుల పొరుగున, బంజారాహిల్సులో బసవతారకం కాన్సరు ఆసుపత్రి ఉన్నది. 1985లో కాన్సరుతో కన్నుమూసిన తన అర్ధాంగి పేరిట నందమూరి తారకరామారావుగారు సంకల్పించిన ఈ ఆసుపత్రి 2000లో ప్రారంభమైనది.

ఆ పేటలలో తారలున్నారు. వారికి జడలు అల్లేవారు, ఇళ్లలో అంట్లు తోమేవారూ ఉన్నారు. గర్భాశయ ముఖద్వార కాన్సరుకు మూలమైన హెచ్.పి.వి. వైరసుకు ఈ అంతరాలు తెలియవు. అది సోకిన పిమ్మట కాన్సరుగా పరిణమించడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏండ్లు పడుతుంది. అంత గడువున్నా ఆలస్యమెందుకు?

"నొప్పి లేనిదే పరీక్ష దేనికి?" అన్నది మొదటి అడ్డు. రెండవది సిగ్గు. దాంపత్య సంబంధం వలన సోకేది గనుక, వైరసు ఉన్నదని తేలితే శీలానికి మచ్చ అని బెదురు. ఇది అపోహ సుమా! స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది. చాలమందికి రెండేండ్లలోపు దానంతటదే పోతుంది. అది పోక నిలిచిన స్త్రీలనే వైద్యులు కనిపెట్టి ఉండాలి.

సిగ్గుకు విరుగుడూ ఉన్నది. స్త్రీ తన నమూనాను తానే సేకరించి ఇవ్వవచ్చును. హైదరాబాదుకు ఉత్తరాననున్న మేడ్చల్ ప్రాంత స్త్రీలతో ఈ పద్ధతిని పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు పల్లెలలో ఒక్కమారు హెచ్.పి.వి. పరీక్ష జరిపినందువలన ఈ కాన్సరు మరణాలు దాదాపు సగం తగ్గినవని అదే ఏట వెల్లడైనది.

ముప్పై ఏండ్లు నిండిన తల్లులకు, ఉపాధ్యాయినులకు చెప్పవలసినది ఒక్కటే: నొప్పి కబురంపే వరకు ఆగవద్దు.