సముద్రం లేని రేవు

గ్రీసు రాజధాని ఏథెన్స్ సముద్రపు ఒడ్డున లేదు. ప్రాచీన కాలం నుండి దానికి సింహద్వారం పిరేయస్ రేవు. క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దంలో ఏథెన్స్ వాసులు ఆ రెంటినీ పొడవైన గోడలతో కలిపారు. శత్రువు ముట్టడించినా ఆ గోడల నడుమ నుండి నగరానికి ధాన్యం చేరేది.

మన దేశంలోనూ అటువంటి నగరం ఒకటి ఉన్నది. అయితే దాని రేవు ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. గోడలకు బదులు ఉక్కు పట్టాలు ఆ రెంటినీ కలుపుతున్నాయి. ఆ నగరం ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి. ఆ రేవు విశాఖపట్నం.

రాయపూర్‌ను విజయనగరంతో కలిపే రైలుమార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. మధ్యపరగణాల సరుకును సముద్రానికి చేర్చడమే ఆ మార్గం ఉద్దేశం. ఆనాటికి భిలాయి దుర్గ్ జిల్లాలో వరిచేల నడుమనున్న పల్లెటూరు మాత్రమే.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ఆ పల్లె జాతకాన్ని మార్చివేసింది. స్థల నిర్ణయానికి బలమైన కారణాలున్నాయి. దక్షిణాన దల్లీ రాజహరా కొండలలో మేలిమి ఇనుప ఖనిజం, చేరువలోని నందినిలో సున్నపురాయి, తాండుల జలాశయపు నీరు, ముంగిటనే హౌరా-బొంబాయి రైలుమార్గం! 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు ఆనాటి లక్ష్యం.

కర్మాగారంతోపాటు సెక్టర్ల వారీగా ఒక నగరం వెలసింది. దానిలోనికి దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. ఛత్తీస్‌గఢీ రైతు పక్కన మలయాళీ, పంజాబీ పక్కన బెంగాలీ కొలువు తీరారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు ఎందరో ఆ రైలుమార్గం వెంబడే వచ్చి చేరారు. నానా భాషలు ఒకే వీధిలో వినిపించడం రేవు పట్టణాల లక్షణం. కెరటం కనిపించని భిలాయికి ఆ లక్షణం సహజంగా అబ్బింది. సెక్టర్ 5లోని బాలాజీ ఆలయం ఒకవైపు, 1972లో భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా నెలకొల్పిన మైత్రీబాగ్ మరొకవైపు ఇందుకు సాక్ష్యాలు. తంబురా చేతబట్టి భారతకథను పాండవానీగా గానం చేసి, 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయి ఈ కర్మాగారంలో ఉద్యోగం చేసినవారే.

మనం ఎక్కే రైలు ఏదైనా, దాని క్రింది పట్టా భిలాయిలో పుట్టినదై ఉండే అవకాశం ఎక్కువ. దశాబ్దాలుగా భారత రైల్వేలకు పట్టాలు సమకూర్చుతున్న ప్రధాన కేంద్రం ఇదే. ఇప్పుడు 130 మీటర్ల పొడవైన పట్టాను అతుకు లేకుండా ఇక్కడ సాగదీస్తున్నారు. అతుకులు తగ్గిన కొద్దీ ప్రయాణం సుఖకరం, సురక్షితం.

ఇంతటి కర్మాగారానికీ ఒక లోటున్నది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఉక్కు కొలిమికి కావలసిన గట్టి కోకు తయారుకావాలంటే విదేశీ బొగ్గును కలపక తప్పదు. ఆ బొగ్గు ఓడలలో విశాఖకు వచ్చి, అక్కడి నుండి గూడ్సు బండ్లలో కనుమలు దాటి భిలాయికి చేరుతుంది. కొలిమిలోని నిప్పుకు, రేవులోని ఓడకు గల సంబంధం ఇది.

ఈ వైభవానికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. పదులకొద్దీ గ్రామాల రైతులు తమ భూములు వదులుకున్నారు. దల్లీ రాజహరా గని కార్మికులను సంఘటితపరచి, వారి శ్రమదానంతో ఆస్పత్రిని నిలబెట్టిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తుండగా హత్యకు గురయ్యారు. 2014లో విషవాయువు వెలువడి ఆరుగురు, 2018లో వాయుగొట్టం వద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా ఈ కర్మాగారంలో ప్రాణాలు కోల్పోయారు.

నేడు నగరం మరొక మలుపులో ఉన్నది. కొలిమిలు పెద్దవయ్యాయి, స్థిర ఉద్యోగాలు తగ్గి, కాంట్రాక్టు కూలీలు పెరిగారు. రాజహరా ఖనిజం తరిగిపోతుండగా, చూపు బస్తరులోని రావ్‌ఘాట్ కొండల వైపు మళ్ళింది. తండ్రి ఉద్యోగం కుమారునికి దొరుకుతుందన్న భరోసా లేదు. 2016లో నెలకొల్పిన ఐ.ఐ.టి. వంటి విద్యాసంస్థలు కొత్త దారులు చూపుతున్నా, చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో, విదేశాలకో రైలెక్కుతున్నారు.

పదవీ విరమణ చేసిన ఉద్యోగి కంపెనీ క్వార్టరును ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్ళు నీరుపోసి పెంచిన మామిడి చెట్టును వదలి వెళ్ళాలి. శ్రీకాకుళంలోని స్వగ్రామంలో అతడు “భిలాయి వారు”. భిలాయిలో “ఆంధ్రా వారు”. అయినా ఎందరో అక్కడే చిన్న ఇల్లు కట్టుకొని నిలిచిపోయారు. దేశానికి ఉక్కు పోసిన చేతులు తమకొక ఊరును కూడా పోసుకున్నాయి. రేవుకు వచ్చిన ఓడలన్నీ తిరిగి వెళ్ళవలెనన్న నియమమేమీ లేదు కదా!