చురుకైన పిల్లలకు తోడెవరు?

"మీవాడు క్లాసులో ఫస్టటగా! ఇంతకీ ఐఐటీ ఫౌండేషన్‌లో వేశారా, లేదా?"

ఈమధ్య పేరంటానికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఈ ప్రశ్న తప్పడం లేదు. పిల్లలకు నాలుగు తెలివితేటలున్నాయని తెలియగానే మనకు తోచే ఉపాయం ఒక్కటే, ఇంకో ట్యూషన్. ఆరో తరగతి వాడికి ఎనిమిదో తరగతి లెక్కలు, ఎనిమిదో తరగతి వాడికి ఇంటర్ లెక్కలు. తెల్లారకముందే బయల్దేరిన పిల్లలు రాత్రి అన్నాల వేళకి ఇల్లు చేరుతున్నారు. అసలు ఆ బిడ్డకి కావలసింది అదేనా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించే తీరిక మాత్రం ఎవరికీ ఉండడం లేదు.

నేను పుట్టింది రేపల్లెలో, మెట్టింది తెనాలిలో. మా ఆడపడుచు కాపురం బాపట్లలో. పండక్కీ పబ్బానికీ ఈ మూడు ఊళ్ళ మధ్య రైళ్ళలో తిరుగుతూ ఉంటాను. మాలాంటి చిన్న ఊళ్ళలో చురుకైన పిల్లలకు ఏమీ దొరకదనీ, విజయవాడో హైదరాబాదో పంపితే తప్ప పైకి రారనీ చాలామంది తల్లులు గట్టిగా నమ్ముతారు. కొంచెం కళ్ళు తెరిచి చూస్తే మన చుట్టూ ఉన్నవి తక్కువేం కాదు. అవి ఉన్నట్టు మనదాకా చెప్పేవాళ్ళే తక్కువ.

అల్లరి వెనక ఆకలి

బాపట్లలో మా ఆడపడుచు పక్క వాటాలో నాలుగో తరగతి పిల్లాడున్నాడు. టీచరు పది లెక్కలిస్తే అయిదు నిమిషాల్లో చేసేస్తాడు. తర్వాత పక్కవాడి జడ్డుబొమ్మలకి మీసాలు గీస్తాడు, కిటికీలోంచి కాకుల్ని లెక్కపెడతాడు. స్కూలు నుంచి "మీవాడు బాగా అల్లరి" అని కబురు. వాళ్ళమ్మ భయపడి ఇంట్లో అలాంటివే మరో పాతిక లెక్కలు చేయించడం మొదలుపెట్టింది. రెండు నెలలయ్యాక ఆమే నాతో అంది, "వీడికి లెక్కల పుస్తకం చూస్తేనే ఏడుపొస్తోందండీ" అని.

కడుపు నిండిన అన్నమే మళ్ళీ వడ్డిస్తే ఎవరికైనా వెగటే కదా! ఆ పిల్లాడికి మరో పాతిక లెక్కలు అవసరం లేదు. బుర్ర గోక్కునేలా చేసే ఒక్క లెక్క కావాలి. అది చెప్పుకుని పోట్లాడుకోడానికి తనలాంటి ఇంకో పిల్లాడు కావాలి.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసరు జూలియన్ స్టాన్లీ 1971లో మొదలుపెట్టిన పరిశోధనలో తేలింది దాదాపు ఇదే. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో లెక్కలు బాగా వచ్చినవాళ్ళకి, కాలేజీలో చేరబోయేవాళ్ళు రాసే పరీక్ష పెట్టి చూశారాయన. క్లాసు పరీక్షలో అందరికీ నూటికి తొంభై అయిదు పైనే వస్తే ఎవరెంత దూరం వెళ్ళగలరో ఎలా తెలుస్తుంది? పెద్ద పరీక్ష పెట్టాక ఒక్కొక్కరి స్థాయి వేరని బయటపడింది. ఎవరి వేగానికి తగ్గట్టు వారికి పాఠాలు ఏర్పాటు చేశారు.

మనవాళ్ళూ సరిగ్గా ఆ రోజుల్లోనే ఇలాంటి ఆలోచన చేశారు. నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడాది, 1972లో, మన గుంటూరు జిల్లా తాడికొండలో పెట్టారు. పల్లెటూరి పేదింటి పిల్లల్లో చురుకైన వారిని పరీక్ష పెట్టి ఏరి, ఒకచోట ఉంచి, తెలుగు మాధ్యమంలో చదువు చెప్పారు. అక్కడ చదివినవాళ్ళు పెద్ద పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళారు. మంచి అయ్యవార్లతోపాటు, పక్క మంచం మీద తనంత చురుకైన స్నేహితుడు దొరకడం కూడా అందుకు కారణమని నాకనిపిస్తుంది.

నోటీసు బోర్డు మీది వెయ్యి రూపాయలు

రేపల్లెలో మా పుట్టింటి వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమె కూతురు మునిసిపల్ హైస్కూల్లో చదివేది. బొగ్గుల పద్దు, బట్టల పద్దు నోటితోనే చెప్పేసేది. ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మతో అన్నాను, స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది రాయించమని. "ఆడపిల్లకి పదైతే చాలమ్మా. మేనమామ అడుగుతానే ఉన్నాడు" అంది.

ఎన్ఎంఎంఎస్ అంటారు ఆ పరీక్షని. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది. ప్రభుత్వ, మునిసిపల్, జిల్లా పరిషత్, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివేవారు రాయొచ్చు. కుటుంబం ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం చాలు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు. ఒకటి బుద్ధికుశలతకి సంబంధించింది, ఇంకోటి పాఠాల నుంచి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. అంటే నెలకి వెయ్యి.

హెడ్మాస్టరు గారు కూడా పిలిచి చెప్పాక ఆ తల్లి ఒప్పుకుంది. అమ్మాయి ఎంపికైంది. ఆ వెయ్యి రూపాయలూ మనకి లెక్కలోవి కాకపోవచ్చు. ఆ ఇంట్లో మాత్రం పెళ్ళి మాట వాయిదా పడింది. ఇప్పుడా పిల్ల ఇంటర్‌లో ఉంది. "గవర్నమెంటే డబ్బిచ్చి చదివిస్తుంటే మధ్యలో ఎట్టా మాన్పిస్తామమ్మా?" అంటోంది ఇప్పుడు ఆమె.

ఒక్క జాగ్రత్త. ఈ స్కాలర్‌షిప్‌ని ఏటా ఆన్‌లైన్‌లో పునరుద్ధరించుకోవాలి. అది మరిచిపోతే చేతికొచ్చింది జారిపోతుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలో, పాలు పోసేవాళ్ళ పిల్లలో ఎనిమిదో తరగతిలో ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి. ఆ తల్లులు నోటీసు బోర్డు చదవలేకపోవచ్చు.

అయిదో తరగతిలో ఉన్నవాళ్ళకి నవోదయ ఉంది. ఉమ్మడి గుంటూరు జిల్లాలో చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉందిది. ఆరో తరగతిలో ప్రవేశానికి ఒక్కసారే రాయనిస్తారు. సీట్లలో కనీసం మూడు వంతులు పల్లెటూరి పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి. చదువు, భోజనం, వసతి ఉచితం.

అన్నీ ఒలింపియాడ్లేనా?

స్కూలు నుంచి ఏడాదికి నాలుగు కాగితాలొస్తాయి. "ఒలింపియాడ్ పరీక్ష, ఫీజు ఇంత, పుస్తకాలకి ఇంత" అని. రాసిన వాళ్ళలో సగం మందికి మెడలో పతకం. అవి రాయకూడదని కాదు గానీ, ఏది ఏమిటో తెలుసుకుని డబ్బు కట్టడం మంచిది. వాటిలో చాలావరకు ప్రైవేటు సంస్థలు సొంతంగా పెట్టుకునేవి.

మన దేశం తరఫున అంతర్జాతీయ పోటీలకు పిల్లల్ని పంపేది ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం. లెక్కల్లో దానికి మొదటి మెట్టు ఐఓక్యూఎం. తర్వాత ప్రాంతీయ స్థాయి, ఆపైన జాతీయ స్థాయి, ఆ తర్వాత శిక్షణ శిబిరం. సైన్సులో మొదటి మెట్టు పరీక్షల్ని భారత భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం నిర్వహిస్తుంది. పదో తరగతి లోపు పిల్లలకి జూనియర్ సైన్సు పరీక్ష ఉంది. ఈ లెక్కలు మామూలు పుస్తకంలో లెక్కల్లా ఉండవు. ఒక్కదాని మీద గంట కూచోవాలి. పాత ప్రశ్నాపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. పరీక్ష రాసినా రాయకపోయినా ఆదివారం పూట ఒక లెక్క ముందు పెట్టి చూడండి. నేను చెప్పిన బాపట్ల పిల్లాడికి మళ్ళీ లెక్కల మీద ప్రేమ పుట్టింది ఇలాంటి చిక్కుప్రశ్నలతోనే.

అమ్మాయిల తల్లులకి ఇంకో మాట. ఆడపిల్లల కోసమే 2012లో యూరప్‌లో ఒక గణిత ఒలింపియాడ్ మొదలైంది. మన దేశం కూడా దానికి జట్టును పంపుతోంది. "లెక్కలు మగపిల్లలకే" అనే మాట ఇంట్లో ఎవరైనా అంటే వినిపించండి.

మన తరంవాళ్ళకి బాగా తెలిసిన నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్షను 2021 తర్వాత నిలిపేశారు. కనక దాని పేరు చెప్పి ఎవరైనా కోచింగ్ ఫీజు అడిగితే కాస్త ఆలోచించండి.

మార్కుల్లేని పోటీలు

అందరి తెలివీ పరీక్ష కాగితం మీద కనపడదు. పాడైన ఫ్యాను విప్పి కూచునే పిల్లాడికి ఇన్‌స్పైర్ మనక్ అనే పథకం ఉంది. రోజువారీ ఇబ్బందికి పరిష్కారంగా సొంత ఆలోచన ఒకటి రాసి, స్కూలు ద్వారా పంపాలి. ఎంపికైతే నమూనా తయారుచేసుకోడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేస్తారు. స్కూలు వాళ్ళు నమోదు చేస్తేనే కుదురుతుంది కాబట్టి, సైన్సు మాస్టారిని మనమే అడగాలి.

జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి సైన్స్ సంబరాలు నాకు చాలా ఇష్టం. హైస్కూలు పిల్లలు జట్టుగా పాల్గొంటారు. స్కూలు స్థాయి నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం దాకా వెళ్తారు. ఒక్కడే గెలవడం ఉండదు. ముగ్గురూ మాట్లాడుకుని జవాబు చెప్పాలి. చెకుముకి పేరుతో తెలుగులో పిల్లల సైన్సు పత్రిక కూడా ఉంది.

రైలు టిక్కెట్టు దూరంలో

ఇక సెలవు రోజుల సంగతి. తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో భట్టిప్రోలు స్టేషనొస్తుంది. ఎన్నిసార్లు దాటి ఉంటామో! అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు దొరికాయి. తెలుగు లిపి పుట్టుకను వెతికేవాళ్ళెవరైనా ఆ అక్షరాల దగ్గర ఆగాల్సిందే. "అమ్మా, మొదట 'అ' ఎట్లా రాసేవాళ్ళు?" అని అడిగే పిల్లని అక్కడికి తీసుకెళ్ళండి.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. మనం రోజూ వండుకునే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే! 1986లో విడుదలైన ఆ వంగడం పుట్టిల్లు అదే ఊరు. కంచంలో అన్నం వెనక ఎన్నేళ్ళ పరిశోధన ఉందో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది? బాపట్ల నుంచి చీరాల మీదుగా ఇంకాస్త వెళ్తే వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. పాత పత్రికలు వెతుక్కుంటూ పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మనం గంటలో వెళ్ళొచ్చు.

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో ఒక రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోళ్ళ పరిశోధనలో ప్రపంచానికి తెలిసిన శాస్త్రవేత్త అయ్యారు. మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకి, తర్వాత దేశంలోని సీఎస్ఐఆర్ సంస్థలన్నిటికీ అధిపతిగా పనిచేశారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో చనిపోయారు. ఈ కథ మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఊళ్ళో శాస్త్రవేత్తల సభ జరిగితే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. వాళ్ళకి సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు. మనూరివాళ్ళు కూడా ఇలా అవుతారన్న సంగతి అర్థమవుతుంది.

నలుగురం కలిస్తే

ఇవన్నీ ఒక్క తల్లి చేయడం కష్టమే. అందుకే మా వీధిలో అయిదారుగురం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నెలకోసారి ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో పిల్లలు చేరతారు. ప్రైవేటు స్కూలు పిల్లలూ, మునిసిపల్ స్కూలు పిల్లలూ కలిసే. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన చిక్కుప్రశ్నలు వేస్తారు. ఒక నెల కథ, ఒక నెల ప్రయోగం. పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసే శిల్పులు మన తెనాలిలో ఉన్నారుగా, ఒకసారి ఆ పని చూపించాం. ఖర్చు అంటారా? ఉప్మా, టీ. మార్కులూ ర్యాంకులూ మాట్లాడకూడదన్నది ఒక్కటే షరతు. అది పిల్లలకన్నా మాకే కష్టమైంది!

ఇల్లు చాలకపోతే శాఖా గ్రంథాలయం ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. వేసవిలో పిల్లలకు శిబిరాలు పెడతారు. నలుగురు తల్లులు వెళ్ళి అడిగితే లైబ్రేరియన్ గారు కాదంటారా? పిల్లలు రావడం లేదనే కదా వాళ్ళ బాధ.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర చెబుతున్నాను. పోటీకి పక్క ఊరు వెళ్ళాలంటే మగపిల్లాడిని బస్సెక్కిస్తాం. ఆడపిల్లయితే "ఎవరు తీసుకెళ్తారు?" దగ్గర ఆగిపోతుంది. మండలం దాకా వెళ్ళిన అమ్మాయి జిల్లాకి వెళ్ళకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. తెలివి చాలక ఆగినవాళ్ళు కొద్దిమందే. తోడు లేక ఆగినవాళ్ళే ఎక్కువ. ఒక తల్లికి కుదరకపోతే ఇంకో తల్లి నలుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని వెళ్ళొచ్చు. ఆ ఒక్క రోజు వంట సంగతి ఇంట్లో మగవాళ్ళు చూసుకుంటారు.

ఈ వారం మీ పిల్లల స్కూలుకి వెళ్ళినప్పుడు మార్కుల సంగతి తర్వాత అడగండి. ముందు నోటీసు బోర్డు చదవండి. అందులో మీ పిల్లలకి పనికొచ్చేది లేకపోయినా, ఎదురింటి పిల్లకి పనికొచ్చేది ఉండొచ్చు.