నగర పోలీసు వ్యవస్థ – సాంకేతిక పరిజ్ఞానంపై పెట్టుబడి: హైదరాబాద్ అనుభవం

7.1 పరిచయం

మీరు హైదరాబాద్‌లో ఉంటున్నా, పనిమీద ఎప్పుడైనా అక్కడికి వెళ్లి వచ్చినా, చౌరస్తాల్లో స్తంభాలకు బిగించిన సీసీ కెమెరాలను చూసే ఉంటారు. హెల్మెట్ లేకుండా బండి నడిపిన తమ్ముడికో, పక్కింటాయనకో ఫోటోతో సహా ఈ-చలానా వచ్చిందని వినే ఉంటారు. ఆ ఫోటో తీసిన కెమెరా ఎవరిది? దాన్ని కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ దృశ్యాన్ని ఎవరు, ఎన్ని రోజులు దాచుకోవచ్చు? పొరపాటున మీ ముఖాన్ని మరొకరి ముఖంగా భావిస్తే మీకున్న రక్షణ ఏమిటి? ప్రభుత్వ పాలన విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్నలు ఇవి. వీటిని గాలిలో చర్చించే బదులు ఒక నగరాన్ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

7.2 ఈ పెట్టుబడికి నేపథ్యం

రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోని అంశాలు. కాబట్టి నగర పోలీసులకు ఏం కొనాలి, ఎంత ఖర్చు చేయాలి అనే నిర్ణయం ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వానిదే. నగరపాలక సంస్థకు ఇందులో పాత్ర చాలా తక్కువ. అమెరికాలో నగర మండలి పోలీసు బడ్జెట్‌ను చర్చించి ఆమోదిస్తుంది. మన దగ్గర మీ వార్డు కార్పొరేటర్‌కు ఆ అవకాశం లేదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠిలోని గోకుల్ చాట్ వద్ద బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఈ ఘటనల తర్వాత నిఘా కెమెరాల గురించి ప్రభుత్వ ఆలోచన మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గాని, రోజు మొత్తంలో ఐదువందల మంది గాని వచ్చే అవకాశమున్న దుకాణాలు, హోటళ్లు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్ల కెమెరాలు పెట్టాలని, రికార్డును 30 రోజులు భద్రపరచాలని అది నిర్దేశించింది. ప్రభుత్వం సొంతంగా కెమెరాలు కొనడమే కాక, కొనే బాధ్యతను యజమానుల మీద కూడా పెట్టిందని గమనించండి.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక ఈ ధోరణి వేగం అందుకుంది. అదే ఏడాది నగర పోలీసులకు కొత్త ఇన్నోవా గస్తీ వాహనాలు వచ్చాయి. అక్టోబరు 24న మహిళల భద్రత కోసం షీ టీమ్స్ మొదలయ్యాయి. పౌరులు ఫోన్ నుంచే ఫిర్యాదు చేసేందుకు హాక్ ఐ యాప్, 2018లో క్షేత్రస్థాయి సిబ్బంది వాడుకునేందుకు టీఎస్‌కాప్ యాప్ వచ్చాయి. అప్పటివరకు పాత నేరస్థుడి వివరం కావాలంటే కానిస్టేబుల్ స్టేషన్‌కు వెళ్లి రిజిస్టర్లు తిరగేయాలి. యాప్‌తో ఆ వివరం రోడ్డు మీదే అతని చేతిలోకి వచ్చింది. ఖరీదైన భవనాల కంటే ఈ చిన్న మార్పే స్టేషన్ పనితీరును ఎక్కువగా మార్చిందని చెప్పవచ్చు.

7.3 డబ్బు ఎవరిది?

ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తుంది. 1969-70 నుంచి అమలవుతున్న పోలీసు దళాల ఆధునికీకరణ పథకం కింద కేంద్రం కొంత సాయం చేస్తుంది. వీటికి తోడు నిర్భయ నిధి ఉంది. ఆ నిధి కింద సేఫ్ సిటీ ప్రాజెక్టుకు దేశంలో ఎంపికైన ఎనిమిది నగరాలలో హైదరాబాద్ ఒకటి. ఈ నగరానికి ఆమోదించిన మొత్తం 282.50 కోట్ల రూపాయలు. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలన్నది నియమం.

నాలుగో వనరు హైదరాబాద్ ప్రత్యేకత. ‘నేను సైతం’ పేరుతో కాలనీ సంఘాలు, వ్యాపారులు, అపార్ట్‌మెంట్ వాసులు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకునేలా పోలీసులు ప్రోత్సహించారు. 2020లో కంపారిటెక్ అనే బ్రిటిష్ సంస్థ ప్రపంచ నగరాలను పోల్చినప్పుడు హైదరాబాద్‌లో ప్రతి వెయ్యి మందికి సుమారు 30 కెమెరాలు ఉన్నట్లు లెక్కగట్టి, ఆ జాబితాలో 16వ స్థానం ఇచ్చింది. ఆ సంఖ్య వెనుక ఖజానా డబ్బుతో పాటు ఇంటింటి చందా కూడా ఉంది.

ప్రజల భాగస్వామ్యం అనగానే మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. అయితే చందాతో వచ్చిన భద్రత చందా ఇవ్వగలిగిన కాలనీలకే ముందుగా వస్తుంది. గుడిసెల్లో ఉండే వారికి ఆ కెమెరా తమను కాపాడేదిగా కంటే, తమవైపు చూసేదిగా కనిపించవచ్చు. పైగా చందా డబ్బుకు శాసనసభ ఆమోదం గాని, ఆడిట్ గాని అవసరం లేదు. ప్రజాధనం ఖర్చుపై మీరు చదివిన అదుపు సూత్రాలేవీ దానికి వర్తించవు.

మూలధన వ్యయం, రెవెన్యూ వ్యయం మధ్య తేడా మీకు తెలుసు. కెమెరా కొనడం మొదటిది. దాన్ని పనిచేయించడం రెండోది. రోడ్డు తవ్వినప్పుడు కేబుల్ తెగుతుంది, వానకు నీళ్లు చేరతాయి, కరెంటు పోతుంది, హార్డ్ డిస్క్ నిండిపోతుంది, చెట్టు కొమ్మ పెరిగి అద్దానికి అడ్డమొస్తుంది. వార్షిక నిర్వహణ ఒప్పందానికి డబ్బు లేకపోతే స్తంభం మీద కెమెరా అలాగే ఉంటుంది, లోపల దృశ్యం ఉండదు. ప్రారంభోత్సవానికి వచ్చినంత మంది మరమ్మతుకు రారు. ఏ నగరంలోనైనా “ఎన్ని కెమెరాలు పెట్టారు?” అని అడిగాక “ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయి?” అని కూడా అడగండి.

7.4 కమాండ్ కంట్రోల్ కేంద్రం

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో సుమారు ఏడు ఎకరాల్లో నిర్మించిన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రానికి 2015 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 2022 ఆగస్టు 4న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రారంభించారు. సుమారు 600 కోట్ల రూపాయల వ్యయమైంది. నగర పోలీసు కమిషనర్ కార్యాలయం కూడా బషీర్‌బాగ్ నుంచి ఇక్కడికి మారింది.

‘సమీకృత’ అనే మాటను ఇక్కడ అర్థం చేసుకోవాలి. వినాయక నిమజ్జనం రోజును ఊహించుకోండి. ఊరేగింపు ఎక్కడ ఆగింది, ట్రాఫిక్ ఎటు మళ్లించాలి, క్రేన్ ఎక్కడ నిలిచిపోయింది, అంబులెన్స్‌కు దారి ఉందా అన్న విషయాలు వేర్వేరు శాఖలవి. పూర్వం వైర్‌లెస్ సెట్లో ఒకరికొకరు చెప్పుకుంటూ నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు ఆయా శాఖల అధికారులు ఒకే గదిలో, ఒకే తెర ముందు కూర్చుని నిర్ణయం తీసుకోవచ్చు. వరదలు వచ్చినప్పుడు కూడా ఇదే ప్రయోజనం. సమన్వయం అనే పాలనా సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. అదే సమయంలో, నగరం మొత్తం మీద చూపు ఒకే చోట కేంద్రీకృతమైంది. ఆ చూపును ఎవరు అదుపు చేస్తారన్నది తర్వాతి ప్రశ్న.

7.5 దృశ్యం సాక్ష్యంగా మారే దారి

మెడలోని గొలుసు తెంపుకుపోయారని ఒక మహిళ ఫిర్యాదు ఇచ్చిందనుకుందాం. దర్యాప్తు అధికారి ముందుగా ఆ దారిలోని కెమెరాలను గుర్తిస్తాడు. చాలాసార్లు దుకాణాల కెమెరాల గడియారాలు ఐదు పది నిమిషాలు తేడాగా నడుస్తుంటాయి. ఆ తేడాను అప్పుడే నమోదు చేయకపోతే, నిందితుడు ఒకే సమయంలో రెండు చోట్ల ఉన్నట్లు కనిపిస్తుంది. కోర్టులో కేసు అక్కడే బలహీనపడుతుంది.

దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే సరిపోదు. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఆ ధ్రువపత్రంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలు ‘హాష్’ విలువను కూడా అందులో రాయాలి. హాష్ విలువ ఫైలుకు వేలిముద్ర వంటిది. తర్వాత ఒక్క అక్షరమంత మార్పు జరిగినా విలువ మారిపోతుంది.

కోట్లు పెట్టి కెమెరాలు కొని, ఈ పత్రం నింపడం తెలిసిన సిబ్బందిని తయారు చేసుకోకపోతే పెట్టుబడి కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. శిక్షణకు అయ్యే ఖర్చు చిన్నది. కాని టెండరు పిలవడానికి, ఫోటోలు దిగడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి అది తరచు వెనకబడుతుంది.

7.6 ముఖ గుర్తింపు: ఒక చిన్న లెక్క

2018లో టీఎస్‌కాప్‌కు ముఖ గుర్తింపు సౌకర్యం చేరింది. సాఫ్ట్‌వేర్ ముఖంలోని కొలతలను అంకెలుగా మార్చి, దగ్గరున్న ఫోటోల అంకెలతో పోలుస్తుంది. జవాబు “అవును, ఇతనే” అని రాదు. “ఇంత శాతం పోలిక” అని వస్తుంది. ఎంత శాతాన్ని చాలు అనుకోవాలన్నది మనుషులు చేసే నిర్ణయం. ఢిల్లీ పోలీసులు 80 శాతం దాటితే సరిపోలినట్లు భావిస్తామని సమాచార హక్కు కింద 2022లో తెలిపారు. అదే ఢిల్లీలో, తప్పిపోయిన పిల్లల కేసులో ఈ వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని 2018లో హైకోర్టుకు విన్నవించారు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఈ లెక్క చేయండి. అంకెలు ఊహించినవి. ఒక రోజు చార్మినార్ ప్రాంతంలో లక్షమంది తిరిగారు. వారిలో పోలీసులు వెతుకుతున్నవారు 10 మంది. సాఫ్ట్‌వేర్ చాలా మంచిది: వెయ్యిమంది అమాయకుల్లో ఒక్కరిని మాత్రమే పొరబడుతుంది. వెతుకుతున్న పదిమందినీ అది పట్టుకుందనే అనుకుందాం. అమాయకుల్లో సుమారు 100 మందిని కూడా అది చూపిస్తుంది. అంటే ప్రతి 11 హెచ్చరికల్లో 10 తప్పు. “99.9 శాతం కచ్చితం” అని అమ్మకందారు చెప్పిన మాట అబద్ధం కాదు. అయినా ఫలితం ఇది. వెతికే మనుషులు తక్కువగా, వెతికే జనం ఎక్కువగా ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది.

తప్పు పోలిక ఖరీదు ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. 2023 జనవరిలో గొలుసు చోరీ కేసులో సీసీ కెమెరా దృశ్యంలోని వ్యక్తిని పోలి ఉన్నాడనే అనుమానంతో మెదక్ పోలీసులు ఒక కూలీని హైదరాబాద్‌లో అదుపులోకి తీసుకున్నారు. తనను కొట్టారని అతను చెప్పాడు. ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. పోలికను చూసింది యంత్రమైనా, మనిషి కన్నయినా, దాన్ని ‘అనుమానం’ దగ్గర ఆపి ఇతర ఆధారాలతో సరిచూసుకునే అలవాటు స్టేషన్‌లో లేకపోతే ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

7.7 చట్టం ఏమంటోంది?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ హక్కును ప్రభుత్వం పరిమితం చేయాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, తీసుకునే చర్య ఆ లక్ష్యానికి తగిన మోతాదులో ఉండాలి. ఈ మూడు కొలబద్దలతో 7.2లో చూసిన 2013 చట్టాన్ని పరిశీలించండి. కెమెరాలు పెట్టడం గురించి అది చెబుతుంది. ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పదు. 2021 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద తన ఫోటో తీసుకున్నారంటూ హైదరాబాద్‌కు చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలోని ప్రధాన వాదన ఇదే. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేరాల నివారణ, దర్యాప్తులకు 17వ సెక్షన్‌లో విస్తృత మినహాయింపులు ఇచ్చింది. కనుక ఆ చట్టం మీద పెద్దగా ఆధారపడలేం.

సేకరించిన వివరాలను కాపాడటం కూడా పెట్టుబడిలో భాగమే. 2024 జూన్‌లో హాక్ ఐ యాప్ వినియోగదారుల వివరాలు బయటికి పొక్కాయి. పోలీసులు నిందితుడిని కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు. కాని భద్రత కోసమని యాప్‌లో పేరు, ఫోన్ నంబరు ఇచ్చిన మహిళకు కలిగిన ఆందోళన ఆ అరెస్టుతో తీరదు.

కెమెరా పౌరుల వైపే చూడాలని నియమమేమీ లేదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్‌తో సహా, కెమెరాలు పెట్టాలని, రికార్డును 18 నెలలు ఉంచాలని ఆదేశించింది. దుకాణదారుడు 30 రోజులు దాచాలి, స్టేషన్ 18 నెలలు దాచాలి. లాకప్‌లో దెబ్బలు తిన్నవాడు బయటపడి, లాయరును వెతుక్కుని, కోర్టుకు చేరడానికి పట్టే కాలాన్ని తలచుకుంటే ఈ తేడాకు కారణం తెలుస్తుంది.

7.8 ఫలితాన్ని కొలవడం

కెమెరాలు పెరిగాయి, నేరాలు తగ్గాయి అనే మాటను వెంటనే నమ్మకండి, వెంటనే కొట్టిపారేయకండి కూడా. నలభై ఏళ్ల పరిశోధనలను సమీక్షించి 2019లో వెల్ష్, పీజా తదితరులు ప్రచురించిన అధ్యయనంలో కెమెరాలున్న చోట్ల నేరాలు సగటున 13 శాతం తగ్గినట్లు తేలింది. ఆ ప్రభావం వాహనాల పార్కింగ్ స్థలాల్లో బాగా కనిపించింది. హింసాత్మక నేరాల విషయంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు.

మరో చిక్కు కూడా ఉంది. ఫిర్యాదు చేయడం సులువైతే నమోదయ్యే కేసులు పెరుగుతాయి. షీ టీమ్స్‌కు ఫిర్యాదులు పెరిగితే వేధింపులు పెరిగాయని అర్థమా, నమ్మకం పెరిగిందని అర్థమా? ఒక్క అంకెతో తేలదు. ఎంతమంది ఫిర్యాదు చేయకుండా ఊరుకున్నారో ఇళ్లకు వెళ్లి అడిగే సర్వేలు చేస్తే తప్ప జవాబు దొరకదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ కాలనీలో పది కెమెరాలకు చందా వసూలు చేస్తున్నారనుకోండి. సంఘం సమావేశంలో మీరు అడగవలసిన నాలుగు ప్రశ్నలు రాయండి. వాటిలో ఒకటి నిర్వహణ ఖర్చు గురించి, ఒకటి రికార్డు ఎవరి చేతిలో ఉంటుందన్న దాని గురించి ఉండాలి. ఆ తర్వాత మీ దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఎన్ని కెమెరాలున్నాయో, ఈ నెల ఎన్ని పనిచేశాయో కోరుతూ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు నమూనా తయారు చేసి, సంపర్క తరగతికి తీసుకురండి.