పశుపతినాథుని సన్నిధికి: కాఠ్మండు యాత్రకు ముందు తెలియవలసినవి



కాఠ్మండు నేపాల దేశమునకు రాజధాని. పరదేశపు రాజధాని యైనను, మనకు అది మొదట పశుపతినాథుని క్షేత్రము. బాగ్మతీ నదీతీరమున వెలసిన ఆ స్వామిని జీవితమున ఒక్కసారియైన దర్శింపవలెనని కోరువారు మనలో పెక్కుమంది కలరు. అట్టివారు ముందుగా ఏమి సిద్ధము చేసికొనవలెనో, అక్కడ ఏమి చూడవలెనో, నాకు తెలిసినంతలో విన్నవించుచున్నాను.

గుర్తింపు పత్రములు

భారత పౌరులకు నేపాలునకు వీసా అక్కరలేదు. ఈ మాట విని ఏ పత్రమైనను చాలునని చాలమంది తలచుదురు. అది పొరపాటు. విమానములో పోవువారి చేతిలో పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమువారి ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండితీరవలెను. ఆధార్ కార్డు అందుకు సరిపోదు. 65 ఏండ్లు దాటిన పెద్దలకును, 15 ఏండ్లు నిండని పిల్లలకును మాత్రమే, వయస్సును గుర్తింపును తెలుపు ఆధార్ వంటి ఫొటో పత్రము చెల్లును.

ఈ నియమము తెలియక నేను చేసిన అపరాధము చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట నేనును, మా బావమరిదియు కలసి బయలుదేరితిమి. అతనికి అప్పటికి 61 ఏండ్లు. "ఆధార్ చాలుతుందా బావగారూ?" అని అతడడుగగా, "నిక్షేపంగా చాలుతుంది" అని చెప్పినవాడను నేనే. ఢిల్లీ విమానాశ్రయమున వయస్సును బట్టి నన్ను పోనిచ్చి, అతనిని ఆపిరి. వారు నియమము ననుసరించిరి, తప్పు నాది. "మీరు వెళ్ళి రండి బావగారూ, నా పేర కూడా ఒక మారేడు దళం ఇవ్వండి. వచ్చే ఏడు నేను వస్తాను" అని చెప్పి అతడు వెనుకకు మరలెను. ఆ వచ్చే ఏడు అతనికి రాలేదు.

మూలము చూడక ఏ వాక్యమును చెప్పరాదని శిష్యులకు జీవితమంతయు బోధించిన నేను, ఒక కార్డు విషయమున విన్నమాటను నమ్మి చెప్పితిని. కావున నా మనవి ఇది: టికెట్టు కొనుటకు ముందే నాటి నియమమును విమాన సంస్థవారి వద్దను, కాఠ్మండులోని భారత రాయబార కార్యాలయపు ప్రకటనలోను సరిచూచుకొనుడు. కార్డులోని పేరును, టికెట్టులోని పేరును ఒక్కటిగా ఉండవలెను.

మార్గము, కాలము, ధనము

ఢిల్లీ నుండి విమానమున పోవుట సులభము. కాఠ్మండు విమానాశ్రయము ఆలయమునకు మిక్కిలి చేరువ. రైలున పోవువారు గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దును గాని, బిహారులోని రక్సౌల్‌ను గాని చేరి, అచ్చటినుండి కొండదారిన బస్సులో పోవలెను. వానకాలమున ఆ దారులలో కొండచరియలు విరిగిపడుచుండును. వృద్ధులు ఆ దినములు మానుట మేలు. ఆశ్వయుజ కార్తిక మాసములును, చైత్రమును అనుకూలములు. నగరము సముద్రమట్టమునకు 1,300 మీటర్లకు పైన ఉన్నందున చలికాలపు రాత్రులకు ఉన్నిబట్టలు తప్పవు.

అక్కడి గడియారము మనకంటె 15 నిమిషములు ముందు నడచును. వారపు సెలవు శనివారము. ఆనాడు ఆలయమున రద్దీ హెచ్చు. మన 100 రూపాయలు వారి 160 రూపాయలకు సమానము. 100 రూపాయల నోట్లు వెంట ఉంచుకొనుట శ్రేయస్కరము.

స్వామి సన్నిధి

ఆలయము రెండంతస్తుల కప్పు గలది; పైకప్పు బంగారుపూతతో మెరయును. నాలుగు దిక్కుల వెండి వాకిళ్ళు, పడమట మహానంది. లింగమునకు నాలుగు ముఖములు కలవు. తూర్పున తత్పురుషము, దక్షిణమున అఘోరము, పడమట సద్యోజాతము, ఉత్తరమున వామదేవము, శిరోభాగమున ఈశానము. కావున ఒక్క వాకిట చూచి మరలిపోక, నాలుగు వాకిళ్ళ ముందును నిలిచి దర్శింపవలెను. ఇది తెలియక సగము దర్శనముతో తిరిగివచ్చువారే ఎక్కువ.

స్వామిని స్పృశించి పూజించు అధికారము భట్టులది. వారు తరతరములుగా దక్షిణదేశమునుండి, విశేషముగా కర్ణాటకమునుండి వచ్చు వైదికులు. అంత దూరమున మనకు పరిచితమైన స్వరముతో వేదము వినబడుట ఒక భాగ్యము. తోలు వస్తువులతో లోనికి పోరాదు. లోపల ఫొటోలు తీయరాదు. నదిగట్టున ఆర్యఘట్టమున దహనసంస్కారములు జరుగుచుండును. అది వేడుకగా చూడదగినది కాదు, మౌనముగా సాగిపోవలెను.

ఇతర దర్శనములు

సమీపముననే గుహ్యేశ్వరీ పీఠము కలదు. శివపురి కొండ పాదమున బుఢానీలకంఠమున శ్రీమన్నారాయణుడు నీటిలో శేషతల్పముపై శయనించియుండును. చాంగునారాయణమున మానదేవ మహారాజు క్రీ.శ. 464 నాటి సంస్కృత శాసనము కలదు. సంస్కృతాభిమానులు తప్పక చూడవలెను. నగరమునకు పేరిచ్చిన కాష్ఠమండపము 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపమున కూలి, మరల నిర్మింపబడినది. పశుపతినాథుని ప్రధానాలయము మాత్రము ఆనాడు నిలిచినది. ఇవన్నియు తొందరలేక చూచుటకు మూడు దినములైన కావలెను.

ఆనాడు నేను బావమరిది పేర నాలుగు వాకిళ్ళ ముందును నిలిచి, మారేడు దళము పూజారుల చేతికిచ్చి మ్రొక్కితిని. అయినను ఒకరి కన్నులు చూడవలసినది మరొకరి కన్నులు చూడజాలవు. యాత్రకు పెట్టె సర్దుకొనునప్పుడు మొదట గుర్తింపు కార్డును, తరువాతనే పట్టుబట్టను పెట్టుకొనుడు.

శుభమస్తు.