రక్తనాళాలు – మన ఒంట్లోని కాలువలు

ఆ మధ్య మా హాస్టల్లో కిటికీ అద్దం పగిలి ఒక తమ్ముడి ముంజేయి తెగింది. రక్తం చూసి అందరం కంగారుపడ్డాం. ఒకరు పసుపు తెమ్మన్నారు. ఇంకొకరు గాయం పైన తాడు బిగించి కట్టమన్నారు. వార్డెన్ సారు మాత్రం గాయంలో అద్దం ముక్క లేదని చూసి, ఉతికిన తువ్వాలు మడిచి గట్టిగా అదిమిపట్టి, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లారు. అలా ఎందుకు చేశారో బైపీసీలో రక్తనాళాల పాఠం చదివాక గానీ నాకు తెలియలేదు.

రక్తనాళాలు మూడు రకాలు: ధమనులు, రక్తకేశనాళికలు, సిరలు. ప్రాజెక్టు నీళ్లు ప్రధాన కాలువ నుండి పిల్లకాలువల్లోకి, అక్కడి నుండి పొలంలో బోదెల్లోకి పారినట్లే, గుండె నుండి రక్తం మహాధమని ద్వారా చిన్న ధమనుల్లోకి, చివరికి కేశనాళికల్లోకి చేరుతుంది. కాలువ నీరు వెనక్కి రాదు. రక్తం మాత్రం సిరల ద్వారా మళ్లీ గుండెకే వస్తుంది.

ధమనులు: వీటి గోడలో మూడు పొరలుంటాయి. మధ్య పొరలో కండరాలు, సాగే తంతువులు ఎక్కువ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గోడ సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. మణికట్టు దగ్గర తెలిసే నాడి అదే. ధమని తెగితే రక్తం ఆగి ఆగి చిమ్మేది కూడా అందుకే.

కేశనాళికలు: వీటి గోడ ఒకే ఒక్క కణం మందం. ఎర్ర రక్తకణాలు ఇంచుమించు ఒకదాని వెనుక ఒకటిగా వెళ్లాల్సిందే. ఈ పలుచని గోడ గుండానే ఆక్సిజన్, ఆహారం కణాలకు అందుతాయి. వ్యర్థాలు రక్తంలోకి వస్తాయి.

సిరలు: వీటిలో పీడనం తక్కువ, గోడలు పలుచన. కాళ్లు, చేతుల సిరల్లో రక్తం వెనక్కి జారకుండా కవాటాలుంటాయి. మీరే పరీక్షించి చూడండి. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, ముంజేతి మీద ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కండి. రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోయండి. కవాటం దాకా ఆ భాగం ఖాళీగానే ఉంటుంది. నొక్కిన వేలు తీస్తేనే నిండుతుంది. విలియం హార్వే 1628లో తన పుస్తకంలో ఇలాంటి పరీక్షతోనే రక్తం ఒకే దిశలో తిరుగుతుందని చూపాడు. ధమనులను, సిరలను కలిపే కేశనాళికలను 1661లో మాల్ఫీజీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో చూశాడు.

పరీక్షలు రాసే తమ్ముళ్లకు ఒక మాట. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బట్టీ పట్టకండి. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ, పుపుస సిరల్లో ఎక్కువ. గుండె నుండి వెళ్లేది ధమని, గుండెకు వచ్చేది సిర. గుర్తుంచుకోవాల్సింది అదే.

ఇప్పుడు సారు చేసిన పని చూడండి. గాయాన్ని అదిమితే తెగిన నాళం మూసుకుంటుంది, రక్తం గడ్డకట్టడానికి వ్యవధి దొరుకుతుంది. తాడు బిగిస్తే కింది భాగానికి ఆక్సిజన్ అందక కణాలు చనిపోవచ్చు. పాము కరిచినా తాడు కట్టకూడదనేది ఇందుకే. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. అదిమినా ఆగని రక్తస్రావమైతే కట్టు వేయడం శిక్షణ ఉన్నవారి పని.

ఆ తమ్ముడి చేతి మీద ఇప్పుడు సన్నని మచ్చ మాత్రమే మిగిలింది. ఇంటికి దూరంగా ఉండే మనకు పక్క మంచం వాడే మొదటి డాక్టరు. కాబట్టి ఈ పాఠం మార్కుల కోసమే కాదు.