పెన్నేరు కోసిన గండి: బండ అరగడానికి ఎన్నేళ్లు?

జమ్మలమడుగు: గండికోట చూడవచ్చిన వారు కోట అంచున నిలబడి, కింద లోయలో పెన్నేటిని చూసి అడిగే మాట ఒక్కటే. "ఇంత కొండను నీళ్లే కోశాయా? ఎన్నేళ్లు పట్టిందో!"

కోసింది నీరే. అయితే ఉత్త నీరు కాదు. వరదలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు ఆకురాయిలా బండను రాస్తాయి. ఎండకు కాగి, రాత్రికి చల్లారి బండ నెరివిడుస్తుంది. ఆ నెర్రెలో వాననీరు దిగుతుంది, చెట్ల వేళ్లు దూరుతాయి. చివరకు బండ పెళ్లగా విరిగి లోయలో పడుతుంది. దాన్ని పిండి చేసే పని మళ్లీ ఏటిదే.

ఎర్రమల కొండల్లోని ఈ రాయి ఒకనాటి సముద్రపు ఇసుక. పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడి రాయి అయింది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే.

బండ అరుగుదలను శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు బండ పైపొరలో బెరీలియం-10 అనే అరుదైన పదార్థాన్ని పుట్టిస్తాయి. బండ మెల్లగా అరిగితే అది ఎక్కువ పోగవుతుంది, త్వరగా అరిగితే తక్కువ ఉంటుంది. ఈ విధంగా పలు దేశాల బండలను పరీక్షించగా, సగటున 10 లక్షల ఏళ్లకు 12 మీటర్లు అరుగుతున్నట్లు తేలింది. అంటే ఒక్క మిల్లీమీటరుకు 80 ఏళ్ల పైచిలుకు. ఒక మనిషి జీవితకాలం!

ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. ఆ సగటునే తీసుకుంటే, అతడు నిలబడిన బండ నేటికి అర సెంటీమీటరు కూడా అరిగి ఉండదు.

అన్ని రాళ్లూ ఒకటి కావు. మన ఇళ్లలో పరిచే నాపరాయి మీద నిమ్మరసం ఒలికితే తెల్లమచ్చ పడటం ఆడవారందరికీ తెలుసు. అది సున్నపురాయి, పులుపుకు కరుగుతుంది. వాననీటిలోనూ కొద్దిపాటి పులుపు ఉంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున ఉన్న బెలుం గుహలను తొలిచింది అటువంటి నీరే.

ఇందులో రైతు గమనించవలసిన సంగతి ఒకటుంది. మన చేలలోని మట్టి కూడా ఒకప్పుడు రాయే. తరాల తరబడి అరిగితే గాని మట్టి కాలేదు. కాగా, వాలు చేనును దున్ని వదిలేస్తే ఒక్క గట్టివాన మిల్లీమీటరు మట్టిని ఊడ్చుకుపోగలదు. ఎకరాకు లెక్క వేస్తే అది 5 టన్నుల పైనే!

వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు తెగకుండా చూసుకోవడం, గట్టున గడ్డి పెంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పోయిన పంట మరుసటి ఏడు వస్తుంది. పోయిన మట్టి మన మనవల కాలానికి కూడా తిరిగి రాదు.